బత్తిగది రాజమల్లు చెప్పకుండా పోయిన మాట

మొన్న సోమవారం మధ్యాహ్నం, కార్మికులకు దీపాలిచ్చే బెల్లంపల్లి గని బత్తిగదిలో రాజమల్లు చనిపోయారు. మొదటి షిఫ్టువాళ్లు ఇంకా గనిలోనే ఉన్నారు. రెండో షిఫ్టువాళ్లు ఇంకా ఇళ్లలో అన్నం తింటున్నారు. ఆ రెంటికీ నడుమ, కిటికీ ముందు వరుస లేని వేళ, పీట మీద కూర్చుని ఒక బత్తి అద్దం తుడుస్తున్నారట. తోటి పనివాడు నీళ్లు తాగి వచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నారు. గుడ్డ చేతిలోనే ఉంది. బత్తి ఒళ్లో ఉంది, కింద పడలేదు.

ఈ సంగతి నాకు మంచిర్యాల రైలు స్టేషనులో తెలిసింది. ఆదివారం జరిగిన ఫైనల్ ఆట వార్తను పత్రికకు పంపించి నేను కరీంనగర్ తిరిగి వెళ్తున్నాను. చాయ్ దుకాణం దగ్గర ఒకాయన ఇంకొకాయనతో "బత్తి రాజమల్లు పోయిండట" అన్నాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా అని ఆ ఇద్దరినీ అడిగాను. ఇరవై ఏళ్లుగా ఎవరు పోయినా అడుగుతున్న ప్రశ్నలే అవి. వాళ్లు తెలిసినంత చెప్పారు. చాయ్ మొత్తం తాగి, గ్లాసు తిరిగి ఇచ్చి, వచ్చిన దారినే బెల్లంపల్లి బండి ఎక్కాను. దారిలో ఏమీ ఆలోచించినట్టు గుర్తు లేదు. ఈ వ్యాసం రాస్తున్న ఇప్పుడు కూడా జరిగింది వరసగా చెప్పడం తప్ప నాకు చేతకావడం లేదు.

రాజమల్లు ఎవరని బెల్లంపల్లిలో ఎవరూ అడగరు. బయటి పాఠకుల కోసం చెబుతాను. గనిలోకి దిగే ప్రతి మనిషీ ముందు బత్తిగది కిటికీ దగ్గరికి రావాలి. తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల లోపలికి ఇచ్చి, అదే నంబరున్న బత్తి తీసుకోవాలి. పైకి వచ్చాక బత్తి ఇచ్చి బిళ్ల వెనక్కి తీసుకోవాలి. షిఫ్టు దిగాక కూడా బిళ్ల లోపలి మేకుకు వేలాడుతూ ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. పధ్నాలుగేళ్లుగా ఆ కిటికీకి లోపలి వైపు ఉన్న మనిషి రాజమల్లు.

ఆయనది ధర్మపురి దగ్గర ఒక ఊరు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది పని వెతుక్కుంటూ గోదావరి దాటి వచ్చి, గనిలో తొట్లలో బొగ్గు నింపే పనిలో చేరారు. రెండేళ్లు తిరక్కుండానే గని కప్పు కూలి ఎడమ పాదం నలిగింది. అప్పటినుంచి పైనే, బత్తిగదిలోనే.

ఈ రెండు సంగతులే అయితే ఆయన మీద వ్యాసం రాయవలసిన పని పత్రికకు ఉండేది కాదు. రాజమల్లు ఈ ప్రాంతంలో ఫుట్‌బాల్ ఆటను అందరికంటే బాగా చూసిన మనిషి. ఆయన ఎన్నడూ బంతి తన్నలేదు. గనికొక జట్టు ఉన్న ఊరు ఇది. బొగ్గు నింపేవాళ్లూ, గని కప్పుకు ఆనుగా దుంగలు నిలిపేవాళ్లూ సాయంత్రం స్నానం చేసి, బొగ్గు దుమ్ముతో నల్లగా ఉన్న మైదానంలో ఆడి, మళ్లీ స్నానం చేస్తారు. ఆ మైదానం పక్కన గనికి తెచ్చిన టేకు దుంగ ఒకటి పడి ఉంటుంది. దాని కుడి చివర రాజమల్లు చోటు. ఆయన రాకపోయినా అక్కడ ఇంకెవరూ కూర్చునేవారు కాదు.

ఓడిన ఆట గురించి ఆయన ఒక్క మాట కూడా మాట్లాడేవారు కాదు. గెలిచిన ఆట మరుసటి రోజు మాత్రం, ఆటగాళ్లు వాళ్ల వాళ్ల షిఫ్టుకు వచ్చి బిళ్ల ఇచ్చినప్పుడు, బత్తితో పాటు ఒక మాట చేతికి ఇచ్చేవారు. ఎవడు ఎట్లా ఆడుతున్నాడు, ఎవడి కాలు బరువెక్కింది, ఎవడు బంతి కోసం ఎదురు చూస్తున్నాడు, ఎవడు దాన్నుంచి తప్పించుకుంటున్నాడు, అన్నీ ఆ ఒక్క మాటలో ఉండేవి. పతకం మెడలో వేసుకున్నవాడు కూడా ఆ మాట విన్న తర్వాతే గెలిచినట్టు లెక్క.

గెలిచాకే ఎందుకని ఒకసారి అడిగాను.

"ఓడిననాడు ఎవని తప్పు వానికి ఎరుకే సారూ. మనం చెప్పేదేమున్నది? గెలిచిననాడే ఎవ్వరు చెప్పరు. భుజాల మీద ఎత్తుకోని తిప్పుతరు. పైనున్నోనికి తన కాళ్లు కనబడయి" అన్నారు.

గోల్‌కీపర్ యూసుఫ్ కథ ఇక్కడ అందరికీ తెలుసు. జట్టు మూడు గోల్స్‌తో గెలిచి, ఒక్క గోలు కూడా ఇవ్వని ఆట అది. మరునాడు యూసుఫ్ మీసం దువ్వుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. రాజమల్లు బత్తి ఇస్తూ, "మూడుసార్లు బంతి నీ మీదికొచ్చింది. మూడుసార్లు లేటుగ కదిలినవ్. రెండుసార్లు స్తంభం కాపాడింది, ఒకసారి దేవుడు. కండ్లు చూపించుకో" అన్నారు.

"అరె రాజమల్లూ, గెలిచినం భై! ఒక్క దినమన్న జర ఖుషీగ ఉండనీయవా?"

"ఉండు. కండ్లు చూపించుకోని ఖుషీగ ఉండు."

యూసుఫ్ నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. బత్తి తీసుకునేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేవాడు. తర్వాత ఆసుపత్రికి పోయాడు. చీకట్లో ఏళ్ల తరబడి పని చేసినందువల్ల చూపు అదురుతోందని తేల్చారు. కంపెనీ అతన్ని పైకి మార్చింది, అదీ బత్తిగదికే. ఇన్నేళ్లుగా రాజమల్లు పక్కన కూర్చుని బ్యాటరీలు చూసుకుంటున్నది ఆ యూసుఫే. సోమవారం నీళ్లు తాగి వచ్చి చూసింది కూడా అతనే.

రాజమల్లు తప్పు చెప్పిన సందర్భం కూడా ఉంది. హాఫ్‌బ్యాక్ కొమురయ్య, ఇప్పటి జట్టు నాయకుడు, ఒక ఆటలో చివరి అరగంట నిలబడలేకపోయాడు. జట్టు గెలిచింది. మరునాడు వరుసలో యాభై మంది ఉండగా రాజమల్లు కిటికీలోంచి, "దమ్ము లేదు కొమురయ్యా. రాత్రిపూట సీసా పక్కన పెట్టు" అన్నారు. వరుస అంతా నవ్వింది. కొమురయ్య బత్తి తీసుకుని దిగిపోయాడు. అతని బిడ్డకు మూడు రోజులుగా జ్వరమనీ, మూడు రోజులుగా అతను కన్ను మూయలేదనీ సాయంత్రానికి తెలిసింది. రాజమల్లు ఆ కుంటి కాలుతోనే కార్మికుల క్వార్టర్ల దాకా నడిచి, గడప దగ్గర నిలబడి, "యాభై మంది ముందట తప్పు మాట చెప్పిన. గిప్పుడు నీ అవ్వ ముందట, నీ పెండ్లాం ముందట చెప్తున్న, తప్పు నాదే" అన్నారట. కొమురయ్య తల్లి లోపలినుంచి, "నిలవడి చెప్తవేంది కొడుకా, కూసో, బువ్వ తిను" అందట.

ఆ రోజునుంచి పద్ధతి మారింది. మంచి మాట అందరూ వినేట్టు చెప్పేవారు. లోపం ఉంటే "గిటు రా" అని పిలిచి, ఆటగాడు తల వంచి కిటికీ ఊచలకు చెవి ఆనిస్తే, ఆ చెవిలో చెప్పేవారు. అది ఆ ఇద్దరి మధ్యే ఉండిపోయేది. యూసుఫ్‌కు కూడా వినపడేది కాదు. వరుసలో ఉన్నవాళ్లకు తెలిసేది ఒక్కటే, తల ఎంతసేపు వంగి ఉన్నదని.

"ఎన్నడు బంతి తన్ననోడు మాకు చెప్తుండు" అని వెక్కిరించినవాళ్లు మొదట్లో చాలామంది ఉండేవారట. "తన్ననందుకే చూసిన. తన్నెటోడు బంతినే చూస్తడు" అని ఆయన జవాబు.

నేను ఈ ప్రాంతపు ఆటల వార్తలు రాయడం మొదలుపెట్టిన కొత్తలో, "ఆట ఎట్లున్నదో రేపు బత్తిగది కాడ తెలుస్తది సారూ" అని ఎవరో చెబితే నవ్వుకున్నాను. రెండో ఏటినుంచి ఆయన పక్కన దుంగ మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఆట నడుస్తుండగా ఆయన అప్పుడొకటి ఇప్పుడొకటి అనేవారు. "రెండో అర్ధభాగంలో ఎడమ పార్శ్వం బలహీనపడింది" వంటి వాక్యాలు నా వార్తల్లో చదివి, ఎంత సూక్ష్మంగా చూశాడని ఎవరైనా అనుకుని ఉంటే, ఆ చూపు నాది కాదు. పేరు వేస్తానంటే ఒప్పుకోలేదు. "నా పేరు రాస్తె రేపటిసంది అందరు నా దిక్కు చూసుకుంట ఆడుతరు. బంతిని ఎవడు తంతడు సారూ?" అన్నారు.

ఇప్పుడు ఆదివారం ఆట సంగతికి, పోశం సంగతికి రావాలి.

పోశం మన జట్టు సెంటర్ ఫార్వర్డ్. వయసు ముప్పై మూడు. గనిలో బొగ్గు నింపుతాడు, అంటే రోజులో సగం మోకాళ్ల మీద ఉండే పని. రెండేళ్లుగా ఎడమ మోకాలు వాస్తోంది. ఆట ఆడిన రెండు రోజుల దాకా దిగదు. ఆసుపత్రిలో చూపిస్తే, ఆడితే ఆడవచ్చు, కానీ ఒకసారి గట్టిగా మెలిపడితే ఆటే కాదు, గని పని కూడా ఉండదన్నారు. ఇంతలో హైదరాబాదులో జరిగే పోటీకి మన జట్టుకు పిలుపు వచ్చింది. ఆదివారం గెలిస్తే వెళ్లవచ్చు. పదిహేనేళ్లు ఆడిన పోశం హైదరాబాదు మైదానాన్ని ఇంతవరకు చూడలేదు. వచ్చే ఏడు అతనికి ఆ అవకాశం ఉండదు. పోవాలా, ఇక్కడితో మానుకోవాలా అన్నది అతను తనకు తాను తేల్చుకోలేకపోయాడు. ఆట ముందు నా ఎదుటే రాజమల్లుతో అన్నాడు.

"రాజన్నా, నేను ఆడుత. నువ్వు చూడు. పొమ్మంటె పోత, వద్దంటె బూట్లు మా తమ్మునికిస్త."

"డాక్టరు ఏమన్నడు?"

"డాక్టరు మోకాలు చూసిండు. నువ్వు నన్ను చూడు."

రాజమల్లు దుంగ మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చారు.

కాగజ్‌నగర్ జట్టుతో ఆట. వాళ్లు బాగా ఆడారు. చెరొక గోలుతో సమానంగా ఉండి, ఇంకో ఐదు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా, కుడి వైపునుంచి శంకర్ బంతిని లోపలికి వేశాడు. శంకర్‌కు ఇరవై ఏళ్లు, ఈ ఏడే జట్టులోకి వచ్చాడు. పోశం ఇద్దరి మధ్యనుంచి వచ్చి, తిరిగి, కొట్టాడు. బంతి గోల్‌కీపర్ చేతులకు అందనంత ఎత్తులో, స్తంభానికి లోపలగా వెళ్లింది. మైదానమంతా లేచింది. నేనూ లేచాను. రాజమల్లు లేవలేదు.

అరుపులు తగ్గాక కూర్చున్నాను. ఆయన ఇంకా పోశం వైపే చూస్తున్నారు.

"చూసినవా సారూ?" అన్నారు.

"చూశాను" అన్నాను.

ఆయన తల ఊపారు. నేను చూశానన్నాను కాబట్టి ఇక చెప్పవలసింది లేదన్నట్టు ఊరుకున్నారు. నేను కాగితం మీద నిమిషం, పేరు, గోలు రాసుకున్నాను.

ఆట అయ్యాక పోశంను భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. దిగి, చెమటతో, నల్లటి దుమ్ముతో దుంగ దగ్గరికి వచ్చాడు.

"ఎట్లున్న రాజన్నా?"

"రేపు బత్తి కాడికి రా."

"రేపు నాది రెండో షిఫ్టు."

"అయితేంది? నేనెటు పోత? రెండో షిఫ్టుకే రా."

జట్టులో ఏడుగురిది మొదటి షిఫ్టు. సోమవారం పొద్దున ఆ ఏడుగురికీ వాళ్ల మాటలు అందాయి. యూసుఫ్ నాకు చెప్పాడు. "శంకర్ రాంగనే రాజమల్లు పెద్దగ అన్నడు సాబ్, 'నిన్న వాళ్ల బ్యాకుకు నీ వీపే కనబడ్డది, మొకం కనబడలే!' అని. లైనంత నవ్విండ్రు. మళ్ల 'గిటు రా' అన్నడు. చెవుల ఏం చెప్పిండో, పోరడు మస్తు సేపు తల ఎత్తలే." నేను శంకర్‌ను అడిగాను. "అది నాకు చెప్పింది సార్" అన్నాడు. సరైన జవాబే.

"మిగిలినోళ్లు పోయినంక నేనే అడిగిన" అన్నాడు యూసుఫ్. "పోశంకు ఏం చెప్తవ్ భై అని. 'నీకెందుకు? నీ బ్యాటరీ నువ్వు చూసుకో' అన్నడు. గదే ఆఖరు మాట. నేను నీళ్లకు పోయిన."

ఒళ్లో ఉన్న బత్తి నంబరు కూడా యూసుఫ్ చూశాడు. పోశందే.

పోశం రెండో షిఫ్టుకు బిళ్ల పట్టుకుని వచ్చేసరికి కిటికీ మూసి ఉంది. ఎందుకు మూశారో వరుసలో ముందున్నవాళ్లు చెప్పారు. అతను బిళ్ల జేబులో వేసుకుని అక్కడే నిలబడ్డాడట. పాడె మోసిన నలుగురిలో అతనొకడు. ఎడమ భుజం మీద మోశాడు.

మంగళవారం ఇంటి దగ్గర రాజమల్లు భార్య లచ్చమ్మ ముందు కూర్చుని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను.

"వదినే, ఆదివారం ఇంటికొచ్చినంక నా ముచ్చట ఏమన్న తీసిండా?"

ఆమె గుర్తు చేసుకుంది. "ఇంట్ల ఆట ముచ్చట ఎన్నడు తియ్యడు పోశం. కాళ్లు కడుక్కున్నడు. ఆ నలిగిన కాలు మస్తు సేపు కడిగిండు. మళ్ల 'పోశం మంచోడు' అన్నడు. మంచోడైతె ఏందంట అన్న. 'ఏం లేదు, మంచోడు' అన్నడు. బువ్వ తిన్నడు."

పోశం ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "మంచోడు అని మనిషిని అంటరు వదినే. ఆటను అనరు" అన్నాడు.

"నాకేం ఎరుక బిడ్డా. చెప్పిన మాట చెప్పిన" అంది ఆమె.

బయటికి వచ్చాక నన్ను పట్టుకున్నాడు. "సారూ, మీరు పక్కనే ఉంటిరి గద. గోలు కొట్టినప్పుడు రాజన్న ఏమన్నడు?"

"చూశావా అని అడిగారు."

"మీరు చూసిన్రా?"

అబద్ధం చెప్పడానికి ఇంకో అవకాశం అది. "చూశానని చెప్పాను పోశం. నేను చూసింది గోలు" అన్నాను.

అతను కోపగించుకోలేదు. "అందరు గదే చూసిన్రు సారూ" అన్నాడు. "కొట్టేటప్పుడు నాకు నొప్పి తెల్వలే. ఏ కాలు మీద తిరిగిన్నో కూడ తెల్వది. గా ఒక్కడే చూసిండు" అన్నాడు.

పత్రిక ఆ రోజే బెల్లంపల్లికి వచ్చింది. ఆదివారం గోలు గురించి నా వార్తలో నాలుగు వాక్యాలున్నాయి. చాయ్ హోటల్లో కూర్చుని మళ్లీ చదివాను. నాలుగూ బంతి గురించే. అది ఎక్కడినుంచి వచ్చింది, ఎంత ఎత్తున వెళ్లింది, ఎక్కడ తగిలింది. కొట్టిన మనిషి ఎట్లా తిరిగాడో, మోకాలు బరువు మోసిందో, మోయలేక అతనే దాన్ని కాచుకున్నాడో ఒక్క ముక్క లేదు. నేను "చూడలేదు, చెప్పండి" అని ఉంటే రాజమల్లు చెప్పేవారా? ఒకరి లోపం ఇంకొకరికి చెప్పని మనిషి. లోపమే కాకపోయి ఉంటే చెప్పేవారేమో. అప్పుడు ఆ చెప్పడమే జవాబు అయ్యేది. ఇది ఎంత ఆలోచించినా ఇక్కడే ఆగిపోతోంది.

బత్తిగదిలో కొత్త మనిషిని పెట్టారు. చురుకైనవాడు. బిళ్ల తీసుకుంటాడు, నంబరు చూస్తాడు, బత్తి ఇస్తాడు. మొహం చూడనక్కర లేదు కాబట్టి వరుస ఇదివరకటికంటే త్వరగా కదులుతోంది. బుధవారం పొద్దున నేను కొంతసేపు అక్కడ నిలబడి చూశాను. కొమురయ్య తన బత్తి తీసుకున్నాక అలవాటుగా తల కొంచెం వంచి, తర్వాత ఎత్తి, నడిచిపోయాడు. యూసుఫ్ లోపలినుంచి చూసి మొహం తిప్పుకున్నాడు.

ఈ ఊళ్లో బొగ్గు తీసేవాళ్లు వస్తారు, బంతి ఆడేవాళ్లు వస్తారు, వార్తలు రాసేవాళ్లు కూడా వస్తారు. గెలిచిన మనిషికి అతని కాళ్లు చూపించేవాడు మళ్లీ వస్తాడని నేను అనుకోను. పధ్నాలుగేళ్లు ఒక కిటికీ వెనక కూర్చుని, ఇన్ని వందల మందిని చీకట్లోకి పంపి, తిరిగి వచ్చిన ప్రతివాడి బిళ్లా వానికి అప్పగించిన రాజమల్లు గారికి నా నమస్కారం. ఆయన పక్కన అన్నేళ్లు కూర్చున్నాను. ఆ దుంగ మీద ఆయన చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది.

హైదరాబాదుకు పంపవలసిన జట్టు పదకొండు పేర్లు శుక్రవారం సాయంత్రం తపాలాలో వేయాలి. కొమురయ్య పోశంను రెండుసార్లు అడిగాడు. పోశం రెండుసార్లూ "రేపు చెప్త" అన్నాడు. నేను ఈ వ్యాసం ముగిస్తున్నది గురువారం మధ్యాహ్నం. కొమురయ్య దగ్గరున్న కాగితం మీద పది పేర్లున్నాయి.